వంటింటి గోడ జరిపేదానికి పంచాయతీ కాగితం ఎందుకు?

"మా ఇంట్లో మేము వంటిల్లు మార్చుకునేదానికి గూడా పంచాయతీని అడగాల్నా?" మన పల్లెల్లో ఈ మాట శానా మంది అడుగుతాండారు. అడిగేదాంట్లో తప్పు లేదు. మన తాతల కాలంలో పొయ్యి యాడ పెట్టాల, గవాక్షి యాడ తియ్యాల అని ఎవురూ ఎవురినీ అడగలేదు. మట్టి మిద్దె, మంగళూరు పెంకులు, రాతి కూసాలు, ఊర్లోనే ఉండే బేల్దారి. అంతటితో పని అయిపోయేది.

ఇప్పుడు ఇంట్లోకి సిమెంటు వచ్చింది, గ్యాసు బండ వచ్చింది, కరెంటు మిక్సీ వచ్చింది, బ్యాంకు లోను వచ్చింది. వాటి ఎనకాలే కాగితం గూడా వచ్చింది. కాగితం లేనోడు పనికి ముందర భయపడతాడు, పని అయినంక దుడ్లు ఇచ్చుకుంటాడు. కాగితం అంటే సర్కారుకు మనం చేసే దండం కాదు తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. మన గోడకు మనం కట్టుకునే కావలి. ఏ పనికి కాగితం కావాల, ఏ పనికి అక్కర్లేదు, ఎట్ల తెచ్చుకోవాల అనేది ఈడ చెప్తా.

వంటిల్లు అంటే చిన్న సంగతి కాదు

మన అమరాపురం, రొళ్ల, అగళి, గుడిబండ పల్లెల్లో తెలుగోళ్లు వంటిల్లు అంటారు, కన్నడం మాట్లాడేటోళ్లు అడుగె మనె అంటారు. ఏ భాషలో పిలిచినా ఇంట్లో ముందు మారేది అదే. అన్నదమ్ములు వేరైతే ముందు పొయ్యి వేరవుతాది, తరవాతే ఆస్తి. కొత్త కోడలు వచ్చినా, గ్యాసు వచ్చినా, పొగకు అమ్మ కండ్లు పాడైనా బేల్దారిని పిలిచేది వంటింటికే.

సర్కారు లెక్క గూడా ఇట్లే ఉండాది. జనాభా లెక్కల్లో ఒక కుటుంబం అంటే ఎవురు? ఒకే వంటింట్లో వండింది తినేటోళ్లు ఒక కుటుంబం. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు వేరువేరుగా వెలిగితే రెండు కుటుంబాల కింద రాసుకుంటారు. 2011 లెక్కల్లో అయితే ఇంట్లో వంటగది ఉండాదా, ఏం పెట్టి వండుతారు అని గూడా అడిగినారు.

పొగ సంగతి ఇంకా పాతది. 1953లోనే హైదరాబాదు ఇంజినీరింగ్ పరిశోధన ప్రయోగశాలకు చెందిన ఎస్.పి.రాజు అనే ఇంజినీరు పొగ లేని వంటిండ్ల మీద ఒక పుస్తకం రాసినాడు. పొగ గొట్టంతో పొయ్యి ఎట్ల కట్టాలో చూపించినాడు. 1983లో కేంద్రం మెరుగైన పొయ్యిల పథకం పెట్టింది. 2016 మే 1న ఉజ్వల పథకం కింద గ్యాసు ఇచ్చేది మొదలైంది. అయినా సంగటి కెలికేది, నీళ్లు కాంచేది శానా ఇండ్లల్లో ఇంకా కట్టెల పొయ్యి మీదనే. అంటే ఒక ఇంట్లో రెండు రకాల పొయ్యిలు ఉంటాయి. రెండింటికీ గాలి కావాల, గొట్టం కావాల, జాగా కావాల. అందుకే గోడలు జరుగుతాండాయి.

చట్టం ఏమంటాది

మన రాష్ట్రంలో పల్లెలకు 1994 పంచాయతీరాజ్ చట్టం ఉండాది. దాంట్లో 121వ సెక్షన్ చూడండి. పంచాయతీ అనుమతి లేకుండా కొత్త ఇల్లు కట్టకూడదు, పాతది కూల్చి మళ్లీ కట్టకూడదు, ఉన్న ఇంటికి కలపడం గానీ మార్చడం గానీ చేయకూడదు అనేది దాని సారం. "కలపడం, మార్చడం" అనే మాటల్లోకే మన వంటిల్లు వస్తాది. దీనికి తోడు జాగా ఎంత వదలాల, ఎత్తు ఎంత అని చెప్పేదానికి 2002లో గ్రామ పంచాయతీ లేఅవుట్, భవన నిబంధనలు వచ్చినాయి.

మీ ఊరు పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో, అంటే ఉడాలో కలిసి ఉంటే లెక్క మారుతాది. ఆడ 2017లో వచ్చిన రాష్ట్ర భవన నిబంధనలు చూస్తారు. హిందూపురం, ధర్మవరం, పెనుకొండ, మడకశిర మాదిరి మున్సిపాలిటీల్లో ఉండేటోళ్లు మున్సిపల్ ఆఫీసుకు పోవాల. మనూరు దేంట్లో ఉండాదో సచివాలయంలో మొదటి ప్రశ్నగా అడగండి. రెండు నెలలు తిరిగినంక "ఇది మాది కాదు" అనిపించుకునేదాని కన్నా అది మేలు.

దేనికి అక్కర్లేదు, దేనికి కావాల

ఇంట్లో మేకు కొట్టేదానికి గూడా పర్మిషన్ కావాలని ఎవురన్నా బెదిరిస్తే నమ్మొద్దు. దేశానికంతా నమూనాగా ఉండే జాతీయ భవన కోడ్‌లో అనుమతి అవసరం లేని పనులని ఒక జాబితా ఉండాది. కిటికీ, వాకిలి తెరిచేది లేదా మూసేది, లోపల అడ్డతెర మాదిరి గోడ పెట్టేది, సున్నం, రంగు, పూత పని, నేల బండలు మార్చేది, పెంకులు మార్చేది, మన జాగా మీదికే వచ్చే సన్‌షేడు వేసుకునేది దాంట్లో ఉండాయి. దానికి ఒక షరతు ఉండాది. ఇంటి గట్టితనానికి, నిప్పు భద్రతకు, ఆరోగ్యానికి ఇబ్బంది రాకూడదు. కోడ్ అనేది నమూనా, నేరుగా చట్టం కాదు. అయినా సచివాలయంలో మాట్లాడేటప్పుడు చేతిలో ఉండాల్సిన లెక్క అదే.

అంటే కడప బండతో గట్టు మార్చుకునేది, సింకు పెట్టుకునేది, గోడకు టైల్స్ అంటించేది, అల్మారా చేయించేది, పాత పెంకుల తావులో కొత్త పెంకులు వేసేది... వీటికి ఎవురి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు.

కాగితం కావాల్సిన పనులు వేరే. ఇంటి వెనకాల కొత్తగా వంటగది కట్టేది. వరండాకు గోడలు లేపి దాన్నే వంటిల్లు చేసేది. రేకులు తీసి స్లాబు వేసేది. మిద్దె మీద గది లేపేది. బరువు మోసే గోడ కొట్టేసేది. ఇంటి కొలత పెరిగినా, కప్పు రకం మారినా, గట్టితనం మారినా అది "కలపడం, మార్చడం" కిందికి వస్తాదని గుర్తు పెట్టుకోండి.

బరువు మోసే గోడ సంగతి ఇంకొంచెం చెప్పాల. పాత బండల మిద్దెల్లో, రాతి గోడల ఇండ్లల్లో స్తంభాలు, బీములు ఉండవు. గోడలే కప్పును మోస్తాయి. వంటింటికీ నడిమింటికీ మధ్య గోడ తీసేస్తే ఇల్లు విశాలంగా కనపడతాది గానీ పైన బండలు దేని మీద నిలబడతాయి? సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్ అని ఒకరు ఉంటారు. 2019 అక్టోబర్ 2న సచివాలయాలు పెట్టినప్పటి నుంచి ఈ పోస్టు ఉండాది. గోడ కొట్టకముందే పిలిచి చూపియ్యండి.

సెంటున్నర జాగాలో ఒక లెక్క

పట్టా జాగాల్లో ఉండే ఇండ్లను తీసుకుందాం. పల్లెల్లో పేదలకు ఇచ్చింది సెంటున్నర. సెంటు అంటే 435 చదరపు అడుగుల పైన, సెంటున్నర అంటే సుమారు 653. దాంట్లో కట్టిన ఇల్లు సుమారు 340 చదరపు అడుగులు. కేంద్రం పీఎం ఆవాస్ గ్రామీణ్ లెక్క చూసినా ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాల, అంటే సుమారు 269 అడుగులు. శుభ్రంగా వండుకునే తావు గూడా ఆ 25లోనే.

ఇంత ఇంట్లో వంటగది అంటే ఇద్దరు నిలబడితే మూడో మనిషి పట్టడు. అందుకే వెనకాల 8 అడుగులకు 10 అడుగుల గది కట్టుకుందామని అందరూ అనుకుంటాండారు. అది 80 చదరపు అడుగులు. 653లో 340, 80 తీసేస్తే ఇంకా 233 మిగులుతాది. లెక్కలో జాగా సరిపోయింది. మరి తగాదా యాడ వస్తాది?

గోడ యాడ లేపినామనే దాని కాడ వస్తాది. హద్దుకు ఆనించి లేపితే కప్పు మీద వాన నీళ్లు పక్కింటోళ్ల జాగాలో పడతాయి. వాళ్ల కిటికీ మూసుకుపోతాది. మన పొగ గొట్టం వాళ్ల మంచం మీదికి తిరుగుతాది. 1882 ఈజ్‌మెంట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం 20 ఏండ్లు అడ్డు లేకుండా హక్కుగా వాడుకుంటా వచ్చిన వెలుతురు, గాలి, నీళ్ల దారి మీద పక్కోళ్లకు హక్కు పుడతాది. కొత్త కాలనీల్లో అంత కాలం కాలేదు గానీ పాత ఊర్లో ఇది శానా ఇండ్లకు తగులుతాది. పంచాయతీ అనుమతి ఉండాది కదా అని పక్కోళ్ల హక్కు పోదు. అందుకే ప్లాను గీసేటప్పుడే చుట్టూ ఎంత వదలాలో కార్యదర్శిని అడిగి, హద్దు రాళ్లు చూసుకోని, పక్కింటోళ్లకు ఒక మాట చెప్పి మొదలుపెట్టండి.

అర్జీ ఎట్ల పెట్టాల

ముందు ఒక తెల్లకాగితం మీద ఇంటి బొమ్మ గీయించండి. ఉన్న గదులు ఒక గీతతో, కొత్తగా కట్టేది ఇంకో రంగుతో. నాలుగు దిక్కులా ఎవురెవురు ఉండారు, వీధి వెడల్పు ఎంత, అంట్లు తోమిన నీళ్లు యాడికి పోతాయి అనేది దాంట్లో కనపడాల. లైసెన్సు ఉండే ఇంజినీరు ప్లానే కావాలంటారా, ఈ బొమ్మ చాలంటారా అనేది అర్జీ ఇచ్చేటప్పుడే తేల్చుకోండి.

దాంతో పాటు జాగా కాగితం నకలు, అంటే పట్టా గానీ రిజిస్టరు దస్తావేజు గానీ పెట్టాల. ఈ ఏడాది ఇంటి పన్ను రసీదు, ఆధార్ నకలు జత చేయాల. పన్ను బాకీ ఉంటే ముందు కట్టేయండి. ఇల్లు అన్నదమ్ముల ఉమ్మడిది అయితే వాటాదారులందరి సంతకాలతో అభ్యంతరం లేదనే కాగితం రాయించండి. 2005 సవరణ తరవాత ఆడబిడ్డకు గూడా సమాన వాటా ఉండాదని మరిచిపోవద్దు. పెండ్లయి శిరాకో మధుగిరికో పోయిన అక్క సంతకం గూడా కావాల.

అర్జీ కార్యదర్శి పేరు మీద రాసి సచివాలయంలో ఇవ్వండి. రెండు నకళ్లు తీసుకోని పొయ్యి, ఒకదాని మీద తేదీ, ముద్ర వేయించుకోండి. ఈ ముద్ర లేకుంటే మనం అర్జీ ఇచ్చినామనేదానికే సాక్ష్యం ఉండదు. ఫీజు ఎంత అనేది నోటిమాటతో కాకుండా ఏ లెక్క మీద వేసినారో అడిగి, కట్టినదానికి రసీదు తీసుకోండి. కాదు అంటే ఎందుకు కాదో రాసి ఇమ్మనండి. "చూస్తాంలే" అనేది జవాబు కాదు.

కట్టడం కార్మికుల సెస్సు అని ఎవురన్నా ఒక శాతం అడిగితే గమనించండి. 1996 నాటి చట్టంలోనే సొంతంగా ఉండేదానికి కట్టుకునే ఇల్లు 10 లక్షల లోపల అయితే మినహాయింపు ఉండేది. వంటగది ఒకటి కట్టుకునేటోడికి అది పడదు.

గ్రామకంఠంలో ఇల్లు ఉంటే

ఊరి నడుమ పాత ఇండ్లు శానా మటుకు గ్రామకంఠంలో ఉండాయి. వాటికి పట్టా ఉండదు, పాసుబుక్కు ఉండదు. ఉండేదంతా ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు. పన్ను రసీదు మనం ఆ ఇంట్లో ఉంటాండామని చెప్తాది గానీ జాగా మనదే అని తేల్చదు. అందుకే "నీ కాగితం యాడ?" అనే ప్రశ్న ఈ ఇండ్లోళ్లకే ఎక్కువ ఎదురవుతాది. వీళ్లల్లో శానా మంది పేదోళ్లే.

2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ అనే పథకం పెట్టింది. డ్రోన్లతో ఊరి ఇండ్లను కొలిచి ప్రాపర్టీ కార్డు ఇచ్చేది దాని పని. మనకు సరిహద్దు అవతల కర్ణాటకలో ఈ-స్వత్తు అని ఉండాది. గ్రామఠాణా ఇండ్లకు పంచాయతీనే ఫారం-9, ఫారం-11 ఇస్తాది. ఆ పక్క పల్లెల్లో ఉండే సుట్టాలను అడగండి, బ్యాంకు కాడ ఆ కాగితం విలువేందో చెప్తారు. మనూర్లో స్వామిత్వ కొలత అయిందా, మన ఇంటి కార్డు ఎవురి పేరు మీద వచ్చింది, కొలత సరిగ్గా ఉండాదా అనేది ఇప్పుడే చూసుకోవాల. కొలత తప్పు పడినంక వంటిల్లు కడితే ఆ గోడ కాగితంలో వీధిలో ఉన్నట్టు కనపడతాది.

హేమావతి లాంటి ఊర్లలో ఇంకో గడప

మన మండలంలోనే హేమావతి ఉండాది. నొళంబ రాజులు ఏలిన ఊరు. ఆడ దొడ్డేశ్వర గుడి మాదిరి కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడాలు ఉండాయి. అట్లే లేపాక్షిలో వీరభద్ర గుడి. ఇట్లాంటి కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం నిషేధం, ఆ పైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతితోనే కట్టాల. 2010లో చట్టం సవరించి ఇట్ల పెట్టినారు. 100 మీటర్ల లోపల ఉండే పాత ఇల్లు 1992 జూన్ 16కు ముందరిది అయితే మరమ్మతుకు అర్జీ పెట్టుకోవచ్చు. కొత్త వంటగది కలుపుకునేదానికి మాత్రం ఆ దారి లేదు.

గుడిని కాపాడాల, దాంట్లో అనుమానం లేదు. అయితే తరతరాలుగా గుడి పక్కన బతికేటోళ్లు పొగలోనే వండుకోవాల్నా అనేది గూడా ప్రశ్నే. ఆ హద్దు యాడికి వస్తాదో ఊర్లో బోర్డు పెట్టి చూపించేది ఆఫీసర్ల బాధ్యత. పునాది తీసినంక నోటీసు అంటిస్తే నష్టపోయేది కూలి చేసి ఇటుక కొన్నోడు.

గ్యాసు, కరెంటు, మోరీ

పంచాయతీ కాగితం వచ్చినంత మాత్రాన వంటింటి పని అయిపోదు. గ్యాసు గాలి కన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటాది. అందుకే పైన కిటికీ ఒకటే చాలదు, నేల దగ్గర గూడా గాలి పోయే సందు ఉండాల. బండ నిలువుగా నేల మీద ఉండాల, స్టవ్వు దాని కన్నా ఎత్తులో ఉండాల. ట్యూబు 5 ఏండ్లకు ఒకసారి మార్చాల. కట్టెల పొయ్యి, గ్యాసు బండ ఒకే మూలలో పెట్టొద్దు. గ్యాసు వాసన వస్తే 1906కు ఫోన్ చేయండి.

మీటరు జరపాలంటే మన ఎలక్ట్రీషియన్ ముట్టుకోకూడదు, ఎస్పీడీసీఎల్‌కు అర్జీ పెట్టాల. ఫ్రిజ్జు, గ్రైండరు, ఇండక్షన్ స్టవ్వు కొత్తగా వస్తాంటే లోడు పెంచుకోండి. ఎర్తింగు తప్పనిసరి. కంప్లయింటుకు 1912 ఉండాది.

ఇంక మోరీ. వంటిల్లు జరిగితే అంట్లు తోమిన నీళ్ల దారి గూడా జరుగుతాది. ఊర్లో సగం కొట్లాటలు ఈ నీళ్ల మీదే. వీధిలోకి వదలకుండా ఇంకుడు గుంత తీసుకోండి, లేకుంటే కొత్తిమీరకో అరటి చెట్టుకో పారించండి. ప్లానులో అది గూడా గీయండి.

దుడ్లు అడిగితే

అడుగుతారు. శానా తావుల్లో అడుగుతారు. "ఇస్తే పని బిరీన అవుతాది" అని మనోళ్లే సలహా చెప్తారు. 2018 సవరణ తరవాత లంచం ఇచ్చేది గూడా నేరమే. బలవంతం మీద ఇచ్చింటే 7 రోజుల లోపల పోలీసులకో ఏసీబీకో చెప్పాల. అవినీతి నిరోధక శాఖ నంబరు 1064.

దానికి ముందర చేతిలో ఉండే ఆయుధం 2005 సమాచార హక్కు చట్టం. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు అర్జీ పెడితే ఫీజే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. 30 రోజుల్లో జవాబు ఇవ్వాల. మూడే ప్రశ్నలు రాయండి. ఒకటి, ఇంటికి గది కలుపుకునేదానికి మన పంచాయతీలో ఫీజు ఎంత, ఏ తీర్మానం లేదా ఉత్తర్వు ప్రకారం? రెండు, ఫలానా తేదీన నేను ఇచ్చిన అర్జీ ఇప్పుడు ఎవురి కాడ ఉండాది? మూడు, పోయిన ఏడాది ఎన్ని అర్జీలు వచ్చినాయి, ఎన్నింటికి అనుమతి ఇచ్చినారు? ఈ మూడో ప్రశ్నకే కుర్చీలు కదులుతాయి. అప్పటికీ పని కాకుంటే సోమవారం పుట్టపర్తి కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌కు పోవాల. అమరాపురం నుంచి పుట్టపర్తికి పోయి వచ్చేదంటే ఒక దినం కూలి పోయినట్టే. అందుకే ఒక్కరే పోవద్దు, ఇట్లాంటి అర్జీలు ఉండేటోళ్లు నలుగురు కలిసి పోండి.

నిజానికి ఇంత తిరుగుడే అవసరం లేదు. సచివాలయం గోడ మీద ఒక బోర్డు చాలు. ఏ పనికి అనుమతి కావాల, ఏ పనికి వద్దు, ఫీజు ఎంత, ఎన్ని దినాలు. గ్రామసభలో లేచి ఈ బోర్డు అడగండి. దీనికి బడ్జెట్టు అక్కర్లేదు, ఒక డబ్బా రంగు చాలు.

కాగితం ఎవురి పేరు మీద?

చివరగా శానా ముఖ్యమైంది. 2020 డిసెంబర్ 25 నుంచి మన రాష్ట్రంలో ఇచ్చిన ఇండ్ల పట్టాలు ఆడోళ్ల పేరు మీద ఇచ్చినారు. పీఎం ఆవాస్‌లో గూడా భార్య పేరు గానీ ఇద్దరి పేర్లు గానీ ఉండాలని చెప్తారు. మరి వంటగదికి అర్జీ పెట్టేటప్పుడు ఎవురి పేరు రాస్తాండారు? మొగోడి పేరు. పట్టా ఆమెది, అర్జీ ఆయనది. రేపు పన్ను రిజిస్టరులో పేరు ఆయనదే ఎక్కుతాది. మొగుడు తాగి ఇల్లు తాకట్టు పెట్టినప్పుడో, వదిలేసి పోయినప్పుడో ఆ తేడా ఆమెకు తెలిసి వస్తాది.

దినానికి మూడు పూటలా ఆ పొగలో నిలబడేది ఆమె. గట్టు ఎంత ఎత్తు ఉండాల, కిటికీ యాడ రావాల, నీళ్లు ఎటు పోవాల అనేది మనందరి కన్నా ఆమెకే బాగా తెలుసు. అర్జీ ఆమె పేరు మీద పెట్టండి, ప్లాను ఆమె చెప్పినట్టు గీయండి. సెల్లులో దరఖాస్తు నింపేది, ముద్ర వేయించుకోని వచ్చేది, 30 దినాలు లెక్క పెట్టేది చదువుకున్న పిల్లోల్లు మీరు చేయండి. మీ ఇంటి పని అయినంక పక్కింటి అవ్వకు గూడా ఒక అర్జీ రాసిపెట్టండి.